త్రికోణమితి నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్, కాస్, టాన్ దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి లెక్కలకే దూరమైపోయిన వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు తెలివి తక్కువై కాదు. దాదాపు అందరికీ ఒకే చోట ఒక మెట్టు తప్పింది. త్రిభుజంలో మొదలైన పాఠం వృత్తంలోకి ఎందుకు వెళ్లిందో ఎవరూ చెప్పలేదు, ఈలోగా ఫార్ములాలు వచ్చి మీద పడ్డాయి. అందుకే ఈ జవాబుల్లో ఆ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

త్రికోణమితి అంటే అసలు ఏమిటి?

కోణానికీ పొడవుకీ ఉన్న సంబంధం. టేపుతో కొలవలేని పొడవు ఒకటి ఉంది, కానీ ఆ వైపు చూసి కోణం కొలవగలం. ఆ కోణం నుంచి పొడవు రాబట్టడమే మొదట్లో దీని పని. చంద్రుడి దూరం, కొండ ఎత్తు, ఒడ్డు నుంచి కనిపించే ఓడ దూరం అన్నీ ఇలా లెక్కగట్టినవే. ఆ తరువాత ఇదే గణితం మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే కదలికలన్నిటికీ భాష అయింది. ఊగే లోలకం, శబ్దం, విద్యుత్తు, అలలు అన్నీ ఇందులోకి వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఏమేం వచ్చి ఉండాలి?

భిన్నాలు, నిష్పత్తి, పైథాగరస్ సిద్ధాంతం, సరూప త్రిభుజాలు (ఆకారం ఒకటే, పరిమాణం వేరుగా ఉన్నవి). బీజగణితంలో ఒక తెలియని రాశిని కనుక్కోవడం వస్తే చాలు. వీటిలో సరూప త్రిభుజాలు అర్థం కాకపోతే మాత్రం ముందు అవి చదివి రండి, తొందరేమీ లేదు. త్రికోణమితి మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

సైన్ 30° = 1/2 అంటారు. ఏ త్రిభుజంలో? ఎంత పెద్దదానిలో?

30° కోణం ఉన్న ఏ లంబకోణ త్రిభుజంలోనైనా. ఈ ప్రశ్న అడిగినవాళ్లు సరైన చోటే ఆగారు.

కాగితం మీద కోణమానినితో 40° కోణం గీయండి. ఒక గీత మీద శీర్షం నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చుక్క పెట్టి, అక్కడి నుంచి రెండో గీతకు లంబం దించండి. మళ్లీ అదే గీత మీద 10 సెంటీమీటర్ల దగ్గర ఇంకో చుక్క పెట్టి అలాగే చేయండి. మొదటి లంబం సుమారు 3.2 సెంటీమీటర్లు ఉంటుంది, రెండోది సుమారు 6.4. ఒకటి చిన్న త్రిభుజం, ఒకటి పెద్దది. అయినా లంబాన్ని కర్ణంతో భాగిస్తే రెండు చోట్లా 0.64 వస్తుంది. త్రిభుజం పెరిగితే భుజాలన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి కదలదు.

ఆ 0.64 అనేది త్రిభుజానిది కాదు, 40° కోణానిది. ఆ సంఖ్యకు పెట్టిన పేరే సైన్ 40°. మరో కోణం తీసుకుంటే మరో సంఖ్య వస్తుంది. ఇంత చిన్న విషయం చేత్తో గీసి చూడనందువల్లే చాలామంది సైన్‌ను ఏదో మంత్రంలా చూస్తారు. దయచేసి ఒక్కసారి గీసి చూడండి.

ఎదుటి భుజం, ఆసన్న భుజం ఎప్పుడూ తారుమారు అవుతున్నాయి. ఎలా?

భుజాలకు ఆ పేర్లు శాశ్వతంగా ఉండవు. మీరు ఏ కోణం దగ్గర నిలబడ్డారో దాన్ని బట్టి మారతాయి. కోణానికి అవతల, దాన్ని తాకకుండా ఉన్నది ఎదుటి భుజం. కోణాన్ని తాకుతూ ఉన్న రెండింటిలో పొడవైనది కర్ణం, రెండోది ఆసన్న భుజం. లెక్క మొదలుపెట్టే ముందు ఏ కోణం గురించి మాట్లాడుతున్నారో దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తరువాత సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం, కాస్ అంటే ఆసన్న భుజం బై కర్ణం, టాన్ అంటే ఎదుటి భుజం బై ఆసన్న భుజం. మిగతా మూడూ వీటిని తలకిందులు చేస్తే వచ్చేవే: కొసెక్, సెక్, కాట్.

సైన్ అనే పేరు ఎలా వచ్చింది?

ఈ కథ తెలుగువాళ్లకు మిగతావాళ్లకంటే సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే సగం మాటలు మన పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. వృత్తంలో ఒక ముక్కను మనం చాపం అంటాం. చాపం అంటే విల్లు. ఆ ముక్క రెండు కొసలనూ కలిపే గీతను జ్యా అంటాం. జ్యా అంటే అల్లెతాడు. బొమ్మ గీసి చూస్తే అచ్చం ఎక్కుపెట్టిన విల్లే కనిపిస్తుంది.

గ్రీకు ఖగోళవేత్తలు పూర్తి జ్యా పొడవులతో పట్టికలు వేశారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు సగం జ్యాను, అంటే అర్ధజ్యను తీసుకున్నాడు. కేంద్రం నుంచి గీసిన లంబకోణ త్రిభుజంలో నేరుగా ఒక భుజమై కూర్చునేది ఆ సగమే కాబట్టి లెక్క ఎంతో తేలికైంది. వాడుకలో ‘అర్ధ’ పోయి జ్య మిగిలింది. అది అరబ్బీలోకి ‘జిబ’ అని వెళ్లింది. అరబ్బీలో అచ్చులు రాయరు కాబట్టి తరువాతివాళ్లు దాన్ని ‘జైబ్’ అని చదివారు. ఆ మాటకు దుస్తుల మడత, రొమ్ము అనే అర్థాలున్నాయి. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్లు అదే అర్థమిచ్చే ‘సైనస్’ అనే మాట వేశారు. అల్లెతాడు అలా సైన్ అయింది.

టాన్, సెక్ పేర్లలో ఇంత మలుపు లేదు. టాంజెంట్ అంటే స్పర్శరేఖ, సెకంట్ అంటే ఛేదనరేఖ. వ్యాసార్థం 1 ఉన్న వృత్తానికి కుడి కొసన స్పర్శరేఖ గీసి, కేంద్రం నుంచి కోణం గీతను దాని దాకా పొడిగిస్తే, స్పర్శరేఖ మీద తెగిన ముక్క పొడవే టాన్. పొడిగించిన గీత పొడవు సెక్. ‘కో’ చేర్చిన పేర్లన్నీ పూరక కోణానివి: కాస్ 30° అంటే సైన్ 60°.

0°, 30°, 45°, 60°, 90° పట్టిక బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదు, రెండు బొమ్మలు చాలు. భుజం 1 ఉన్న చతురస్రాన్ని కర్ణం వెంట కోస్తే 45° త్రిభుజం వస్తుంది. దాని భుజాలు 1, 1, √2. భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజాన్ని నిలువుగా సగానికి కోస్తే 30°, 60° ఉన్న త్రిభుజం వస్తుంది. దాని భుజాలు 1, √3, 2. పట్టికలో 30°, 45°, 60° విలువలన్నీ ఈ రెండు బొమ్మల్లోంచి అర నిమిషంలో చదివి చెప్పవచ్చు. సైన్ విలువలు √0/2, √1/2, √2/2, √3/2, √4/2 అనే వరుసలో ఉంటాయని గమనిస్తే ఇంకా మంచిది. కాస్‌కు అదే వరుస వెనక నుంచి.

నేను స్కూల్లో ఈ పట్టికను బొమ్మలు లేకుండా బట్టీ పట్టాను. పరీక్షలో టెన్షన్ వల్ల సైన్ 30°, సైన్ 60° మార్చి రాసి, ఎత్తు లెక్కలన్నీ తప్పు చేశాను. బొమ్మ తెలిసి ఉంటే చిన్న కోణానికి ఎదురుగా చిన్న భుజమే ఉండాలని చూడగానే తట్టేది.

లంబకోణ త్రిభుజంలో ఇంకో కోణం 90° దాటదు కదా, మరి సైన్ 150° ఎలా ఉంటుంది?

ఇదే ఆ తప్పిన మెట్టు. ‘ఫార్ములా ప్రకారం ఉంటుంది’ అని జవాబు చెప్పి వదిలేస్తే ఆ తరువాత చదివేదంతా గాలిలో కట్టినట్టే ఉంటుంది.

వ్యాసార్థం 1 ఉన్న వృత్తం గీయండి. కేంద్రం మూలబిందువు. కుడి కొసన ఒక చుక్క బయలుదేరి గడియారం ముల్లుకు ఎదురు దిశలో వృత్తం మీద నడుస్తోంది అనుకోండి. 30° తిరిగాక ఆగి, అక్కడి నుంచి అడ్డ అక్షానికి లంబం దించండి. ఒక లంబకోణ త్రిభుజం వచ్చింది, దాని కర్ణం 1. సైన్ 30° అంటే ఎదుటి భుజం బై 1, అంటే ఆ చుక్క ఎత్తు. కాస్ 30° అంటే ఆ చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉందో అది. అంటే పాత నిర్వచనాన్ని మనం ఎక్కడా మార్చలేదు. దాన్నే ఇంకో మాటలో చెప్పాం: సైన్ అంటే చుక్క ఎత్తు, కాస్ అంటే చుక్క అడ్డ దూరం.

ఇప్పుడు చుక్కను 90° దాటి నడవనివ్వండి. పాత త్రిభుజం లేకపోయినా చుక్కకు ఎత్తు ఉంది కదా. 150° దగ్గర అది 30° దగ్గర ఉన్నంత ఎత్తులోనే ఉంటుంది, కాకపోతే ఎడమ పక్కన. అందుకే సైన్ 150° = 1/2, కాస్ 150° = −√3/2. 210° దగ్గర చుక్క అక్షానికి కిందికి దిగింది, ఎత్తు −1/2. 390° అంటే ఒక చుట్టు పూర్తి చేసి మళ్లీ 30° దగ్గరికి వచ్చింది, విలువ మళ్లీ 1/2. వెనక్కి నడిస్తే కోణం రుణాత్మకం. ఏ కోణానికైనా సైన్, కాస్ చెప్పగలం. నిష్పత్తిగా మొదలైనది ప్రమేయం అయింది, అంటే ఏ కోణం ఇచ్చినా ఒక విలువ తిరిగి ఇచ్చేది.

ఒక గంట కేటాయించి ఈ పని చేయండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, 15° చొప్పున 24 చుక్కలు పెట్టి, ప్రతి చుక్క ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి 100తో భాగించండి. 15° దగ్గర 26 మిల్లీమీటర్లు రావాలి, అంటే 0.26. అసలు విలువ 0.2588. తరువాత గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా కోణం, నిలువుగా ఎత్తు పెట్టి చుక్కలు కలపండి. వృత్తం మీ కళ్లముందే అలగా విప్పుకుంటుంది. సైన్ గ్రాఫ్‌కు ఆ ఆకారం ఎందుకు వచ్చిందని మళ్లీ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

ఏ పాదంలో ఏది ధనాత్మకం, ఏది రుణాత్మకం? గుర్తుండడం లేదు.

గుర్తుపెట్టుకోకండి, చుక్క ఎక్కడుందో చూడండి. పైన ఉంటే సైన్ ధనాత్మకం, కుడి పక్కన ఉంటే కాస్ ధనాత్మకం. టాన్ అంటే సైన్ బై కాస్, రెండింటి గుర్తూ ఒకటే అయితే ధనాత్మకం. అంతే.

టాన్ 90° ఎందుకు లేదు?

చుక్క సరిగ్గా పైకి చేరాక అడ్డ దూరం సున్నా. సున్నాతో భాగించలేం. దగ్గరికి వెళ్తున్నప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. టాన్ 89° సుమారు 57.3, టాన్ 89.9° సుమారు 573. స్పర్శరేఖ బొమ్మలో చూస్తే, కోణం గీత నిటారు అయ్యేకొద్దీ స్పర్శరేఖను ఎక్కడో చాలా పైన తాకుతుంది. పూర్తిగా నిటారు అయితే రెండూ సమాంతరం, ఇక ఎక్కడా తాకవు.

డిగ్రీలు ఉండగా రేడియన్లు ఎందుకు?

వృత్తాన్ని 360 భాగాలు చేయడం మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. రేడియన్ మాత్రం వృత్తం నుంచే పుడుతుంది. వ్యాసార్థమంత పొడవున్న దారాన్ని వృత్తం అంచు మీద పరిస్తే కేంద్రం దగ్గర ఏర్పడే కోణం 1 రేడియన్, సుమారు 57.3°. పూర్తి చుట్టు 2పై (2π) రేడియన్లు, అంటే సుమారు 6.28. 180° అంటే పై (π) రేడియన్లు అన్నది గుర్తుంటే మార్చుకోవడం కష్టం కాదు.

దీనివల్ల లాభం ఏమిటంటే, కోణాన్ని రేడియన్లలో చెప్తే చాపం పొడవు = వ్యాసార్థం × కోణం. ఇంకే గుణకమూ అక్కర్లేదు. చిన్న కోణానికి విల్లు దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి చాపం, అర్ధజ్య దాదాపు సమానం. అందుకే సైన్ 0.1 విలువ 0.0998. కలన గణితంలో సైన్‌ను అవకలనం చేస్తే సరిగ్గా కాస్ రావడానికి కారణం ఇదే. డిగ్రీల్లో అయితే ప్రతిసారీ పై/180 వెంట వస్తుంది.

ఈ ఆలోచన ఆర్యభటుడి పట్టికలోనే దాగి ఉంది, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. అతను వ్యాసార్థం 3438 తీసుకున్నాడు. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు కాబట్టి వృత్తంలో 21,600 నిమిషాలు ఉంటాయి, దాన్ని 2పైతో భాగిస్తే వచ్చేది సుమారు 3438. అంటే చాపాన్నీ జ్యనూ ఒకే కొలతలో కొలిచాడు. అతని పట్టికలో మొదటి కోణం 225 నిమిషాలు, దాని జ్య కూడా 225.

కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొడితే −0.988 వస్తోంది. పాడైందా?

లేదు, అది రేడియన్ మోడ్‌లో ఉంది. 30 రేడియన్లు అనుకుని సరైన జవాబే ఇచ్చింది. లెక్క మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టి 0.5 వస్తోందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఫార్ములాలు ఎన్ని గుర్తుంచుకోవాలి?

నా లెక్కలో మూడు. మొదటిది సైన్²ఎ + కాస్²ఎ = 1. ఇది వృత్తం మీద చుక్కకు రాసిన పైథాగరస్ సిద్ధాంతమే. దీన్ని కాస్²ఎతో భాగిస్తే 1 + టాన్²ఎ = సెక్²ఎ వస్తుంది, సైన్²ఎతో భాగిస్తే 1 + కాట్²ఎ = కొసెక్²ఎ. మిగతా రెండూ ఇవి:

సైన్(ఎ + బి) = సైన్ ఎ కాస్ బి + కాస్ ఎ సైన్ బి
కాస్(ఎ + బి) = కాస్ ఎ కాస్ బి − సైన్ ఎ సైన్ బి

బి బదులు −బి పెడితే తేడా ఫార్ములాలు వస్తాయి. బి బదులు ఎ పెడితే రెట్టింపు కోణాలవి. సైన్(ఎ + బి), సైన్(ఎ − బి) రెండింటినీ కూడితే లబ్ధాన్ని మొత్తంగా మార్చే ఫార్ములా వస్తుంది. ఒక ఆదివారం కూర్చుని పుస్తకంలోని పేజీడు ఫార్ములాలనూ ఈ మూడింటి నుంచి మీ చేత్తో రాబట్టండి. తరువాత మరిచిపోయినా భయం ఉండదు.

సైన్(ఎ + బి) = సైన్ ఎ + సైన్ బి అని రాస్తే తప్పేంటి?

30°, 60° పెట్టి చూడండి. సైన్ 90° = 1. కానీ 0.5 + 0.866 = 1.366, అంత ఎత్తుకు చుక్క ఎన్నడూ వెళ్లలేదు. సైన్ అనేది బ్రాకెట్లోకి గుణించే సంఖ్య కాదు, కోణాన్ని తీసుకుని ఎత్తును ఇచ్చే ప్రమేయం. అనుమానం వచ్చినప్పుడల్లా ఇలా తెలిసిన కోణాలు వేసి చూడడం చాలా తప్పులను ఆపుతుంది.

సర్వసమీకరణం నిరూపించమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

చిక్కుగా ఉన్న పక్షంతో మొదలుపెట్టి, అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చండి. ఉదాహరణకు టాన్ ఎ + కాట్ ఎ = సెక్ ఎ × కొసెక్ ఎ. ఎడమ పక్షం సైన్/కాస్ + కాస్/సైన్ అవుతుంది. ఉమ్మడి హారం తీసుకుంటే లవంలో సైన్² + కాస్² వచ్చి 1 అవుతుంది, హారంలో సైన్ × కాస్ మిగులుతుంది. అదే కుడి పక్షం. 1 − కాస్ ఎ కనిపిస్తే 1 + కాస్ ఎతో పైనా కిందా గుణించి చూడండి, చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. రెండు పక్షాలూ సమానమని ముందే అనుకుని అటూ ఇటూ మార్చుకుంటూ పోవడం మాత్రం నిరూపణ కాదు.

ఎత్తులు, దూరాల లెక్కల్లో బొమ్మే గీయలేకపోతున్నాను.

వాక్యం చదివిన వెంటనే ఒక్కో మాటకు ఒక్కో గీత గీయండి, చివరిదాకా చదివి గీద్దామని ఆగకండి. ఊర్ధ్వకోణమైనా (పైకి చూసేది) నిమ్నకోణమైనా (కిందికి చూసేది) కంటి దగ్గరి అడ్డగీత నుంచే కొలుస్తాం, నిలువు గోడ నుంచి కాదు. కంటి ఎత్తు కలపడం మరవద్దు. చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే ఊర్ధ్వకోణం 35° అనుకోండి. టాన్ 35° సుమారు 0.70 కాబట్టి 14 మీటర్లు, కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే చెట్టు 15.5 మీటర్లు.

రెండు కోణాల లెక్కల్లో సమీకరణాలు రాసేముందు బొమ్మను ఒకసారి తేరిపార చూడండి. ఒక చోట నుంచి గోపురం కొన 30° కోణంలో కనిపించింది, 40 మీటర్లు దగ్గరికి నడిస్తే 60° అయింది. కంటి ఎత్తు వదిలేద్దాం. 60° అనేది బాహ్యకోణం కాబట్టి కొన దగ్గరి కోణం 60 − 30 = 30°. అంటే అది సమద్విబాహు త్రిభుజం, రెండో చోటు నుంచి కొనకు దూరం కూడా 40 మీటర్లే. ఎత్తు 40 × √3/2, సుమారు 34.6 మీటర్లు. ఒక్క సమీకరణం కూడా రాయలేదు.

లంబకోణం లేని త్రిభుజాలకు ఏం చేయాలి?

వాటికి సైన్ సూత్రం, కొసైన్ సూత్రం ఉన్నాయి. రెండోది సి² = ఎ² + బి² − 2ఎబి కాస్(ఎ, బిల మధ్య కోణం). ఇక్కడ ఎ, బి, సి కోణాలు కావు, భుజాల పొడవులు. ఆ కోణం 90° అయితే కాస్ సున్నా, మిగిలేది పైథాగరస్ సిద్ధాంతమే.

సైన్ మీద −1 రాస్తే 1 బై సైన్ అనేనా?

కాదు, ఆ రాత చాలామందిని తికమక పెడుతుంది. అది విలోమ ప్రమేయం: ఎత్తు ఇస్తే కోణం చెప్పమని అడగడం. 1 బై సైన్ అంటే కొసెక్. అయితే ఎత్తు 1/2 ఉండే కోణాలు 30°, 150°, 390° ఇలా అంతులేకుండా ఉంటాయి. ప్రమేయం ఒక్క జవాబే ఇవ్వాలి కాబట్టి −90° నుంచి 90° వరకు ఉన్నదాన్నే ఎంచుకున్నారు. కాలిక్యులేటర్ 30° అనే చెబుతుంది. సైన్ ఎక్స్ = 1/2 సాధించమంటే మాత్రం ఆ ఒక్కటి రాసి వదలకూడదు. వృత్తంలో అడ్డగీత గీసి, అది తాకిన రెండు చుక్కలనూ తీసుకుని, వాటికి పూర్తి చుట్లు కలపాలి.

కాలిక్యులేటర్ లోపల వృత్తం గీస్తుందా?

కూడికలు, తీసివేతలు, గుణకారాలతోనే సరిపెడుతుంది. ఒక దారి శ్రేణి: సైన్ ఎక్స్ = ఎక్స్ − ఎక్స్³/6 + ఎక్స్⁵/120 − … ఎక్స్ రేడియన్లలో ఉండాలి. 0.5 వేసి మూడు పదాలు కూడితే 0.479427 వస్తుంది, అసలు విలువ 0.479426. ఈ శ్రేణి 14వ శతాబ్దంలో కేరళ గణితవేత్త సంగమగ్రామ మాధవుడికి తెలుసు. చేతిలో పట్టే కాలిక్యులేటర్లు ఎక్కువగా వాడిన కార్డిక్ పద్ధతిని జాక్ వోల్డర్ 1959లో ప్రచురించాడు. కోణాన్ని చిన్న చిన్న తెలిసిన తిప్పుళ్లుగా విడగొట్టి, చుక్కను వృత్తం మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవడమే అందులో ఉన్న పని.

త్రిభుజాలు కొలవని ఉద్యోగంలో ఇది ఎందుకు?

మీ ఫోన్‌లో ఫొటో చాలావరకు జేపెగ్ రూపంలో ఉంటుంది. ఫొటోను 8 × 8 చుక్కల గడులుగా కోసి, ఒక్కో గడిని కాస్ తరంగాల మొత్తంగా రాయడమే ఆ పద్ధతి. కంటికి అంతగా తెలియని సన్న తరంగాలను తగ్గించేస్తారు కాబట్టి ఫైలు చిన్నదవుతుంది. ఎంత చిక్కైన ఆకారాన్నైనా సైన్, కాస్ తరంగాలుగా విడగొట్టవచ్చని 1822లో ఫ్రెంచి గణితవేత్త ఫోరియే తన పుస్తకంలో చెప్పిన ఆలోచనే దీనికి మూలం. అతను అప్పుడు లెక్కగట్టింది వేడి ఎలా పాకుతుందో. పాట రికార్డింగ్, రేడియో, భూకంపాల నమోదు అన్నీ ఆ ఆలోచననే వాడుకుంటాయి.

చదువు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?

వస్తుంది. రోజుకు అరగంట ఇస్తే, మొదటి వారం త్రిభుజాలు గీసి కొలవండి. రెండో వారం వృత్తం, గ్రాఫులు. ఫార్ములాలు మూడో వారం వరకు ముట్టకండి. 24 చుక్కలు పెట్టిన ఆ వృత్తం కాగితాన్ని దాచి, ఏ లెక్క చేస్తున్నా పక్కన పెట్టుకోండి. సైన్ 225° ఎంత అని అడిగితే పుస్తకం తీయకముందే మీ వేలు ఆ కాగితం మీద ఎడమ కింది చుక్క వైపు వెళ్లిందంటే, ఇక మూడో వారం పాఠం మొదలుపెట్టవచ్చు.